ఎడమవైపు డోళ్ళు

తాళాలు చేసే ఆయన దుకాణం ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. రెండు పెద్ద షాపుల మధ్య మిగిలిపోయిన సందుకి ఎవరో షట్టరు బిగించి అద్దెకిచ్చారు. లోపల ఒక ఎత్తు స్టూలు, ఒక బల్ల, గోడ నిండా మేకులకు గుత్తులు గుత్తులుగా వేలాడే గాట్లు పడని తాళంచెవులు. బల్లకు ఎడమ చివర తాళంచెవులు కోసే మిషను. ఇత్తడిని కొరికినప్పుడల్లా అది కీచుమంటుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ రొద ఆయన ఎడమ చెవికి మూరెడు దూరంలోనే ఉంది.

వీధి మొత్తానికి ఆయన తాళాలాయన. వయసు యాభై ఒకటి. మాట తక్కువ. ఇంటి తాళం పోగొట్టుకుని ఏడుపు మొహంతో ఎవరైనా పరిగెత్తుకొచ్చినా, "ఏ కంపెనీ తాళం?" అని ఒక్క ప్రశ్న అడిగి సంచీ భుజాన వేసుకుని లేస్తాడు. ఒక్క సంగతి ఎత్తితే మాత్రం ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండదు. అది రికార్డుల సంగతి.

ఆయన ఇంట్లో నాలుగు వందల పన్నెండు రికార్డులున్నాయి. అన్నీ నల్లగా, పళ్ళెమంత ఉండే పాతకాలపు ఎల్పీలు. అన్నీ ఒకే కోవకు చెందినవి. అరవైలలో, కరీబియన్ దీవుల నుంచి పొట్ట చేతపట్టుకుని న్యూయార్కు చేరిన కుటుంబాల పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్ళు వాయించుకునే డోళ్ళనీ, పక్క వీధిలో నల్లజాతి కుర్రాళ్ళు పాడుకునే పాటల్నీ కలిపి కొత్త సంగీతం ఒకటి కట్టారు. దాన్ని లాటిన్ సోల్ అన్నారు. అంతకు ముందు నుంచే ఆ డోళ్ళతో జాజ్ వాళ్ళ బాకాలూ పియానోలూ జత కలిసి లాటిన్ జాజ్ అనేది ఒకటి నడుస్తోంది. తాళాలాయన ఇల్లంతా ఈ రెండే.

ఆ సంగీతానికీ ఈయనకీ చుట్టరికం కలిపింది ఒక బీరువా. పందొమ్మిదో ఏట మేనమామ దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లో, రేవు దగ్గర ఓడ పనివాళ్ళు దిగే లాడ్జి ఒకటి మూతపడింది. మూడో అంతస్తులో ఒక బీరువా తాళం రావడం లేదంటే మేనమామ ఈయన్ని పంపాడు. తెరిస్తే పురుగు కొట్టిన కోటు ఒకటి, పదకొండు రికార్డులు. ఏ ఓడ వంటవాడో వదిలేసి పోయాడట.

"పారెయ్యాలంటే మూడంతస్తులు దిగాలి. ఎలాగూ దిగుతున్నావుగా, నువ్వే పట్టుకుపో" అన్నాడు లాడ్జి మేనేజరు.

పట్టుకుపోయాడు గానీ వాటిని తిప్పడానికి ప్లేయరు లేదు. రెండేళ్ళు అట్టల మీద బొమ్మలే చూసుకున్నాడు. సూటు వేసుకుని డోలు పక్కన నిలబడ్డ బట్టతలాయన, మెట్ల మీద వరసగా కూర్చున్న కుర్రాళ్ళు. రెండేళ్ళ తర్వాత ఒక పాత ప్లేయరు సంపాదించి మొదటి రికార్డు మీద సూది దించిన రోజు, ఆ మనుషులంతా ఒక్కసారి నోరు తెరిచినట్టయింది. మాటలు సగం ఇంగ్లీషు, సగం స్పానిష్. ఒక్క ముక్క అర్థం కాలేదు. కాలు మాత్రం ఊరుకోలేదు.

పెళ్ళయిన కొత్తలో భార్య ఆ అలమార చూసి, "సవతి ఉందని ముందే చెప్పి ఉంటే నాలుగు గిన్నెలు ఎక్కువ తెచ్చుకునేదాన్నిగా" అంది. ఆమె ఒక టాక్సీల కంపెనీలో ఫోన్ల దగ్గర పనిచేస్తుంది. ఒక చెవికే ఉండే హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఏ బండి ఎక్కడికి పోవాలో చెబుతుంది. తెల్లారి అయిదింటికే డ్యూటీ. సాయంత్రం ఇల్లు చేరాక ఆమెకి కావలసింది నిశ్శబ్దం. అందుకని ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వింటాడు. ఈ ఏర్పాటు మీదే ఆ కాపురం ఇరవై నాలుగేళ్ళు సాఫీగా సాగింది.

ఊళ్ళో ఈ పిచ్చి ఉన్న రెండో మనిషి కళ్ళజోళ్ళాయన. బజారు చివర కళ్ళు పరీక్ష చేసి అద్దాలు అమర్చే షాపు ఆయనది. తాళాలాయన కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. వీళ్ళిద్దరూ కలిసిందే ఒక తగువుతో. పాత సామాన్ల సంతలో ఒకే రికార్డుని చెరో మూలా పట్టుకున్నారు.

"ముందు నా చెయ్యే పడింది" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"ముందు నా కన్ను పడింది" అన్నాడు తాళాలాయన.

"కళ్ళ సంగతి నాకు చెప్పకు. నా వృత్తే అది."

సామాన్లమ్మే ముసలామె విసిగిపోయి, నెల ఒకరింట్లో, నెల ఒకరింట్లో ఉంచుకోండి, నన్ను మాత్రం వదిలిపెట్టండి అంది. నిజంగానే అలా ఒప్పుకున్నారు. పద్నాలుగేళ్ళుగా ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ రికార్డు ఇల్లు మారుతూ వచ్చింది. దాని వంకతో స్నేహం కుదిరింది. ఈయన ఆయన్ని "మాస్టారూ" అంటాడు. ఆయన ఈయన్ని "ఏమయ్యా తాళాలూ" అని పిలుస్తాడు. "నీ పేరు భలే కుదిరిందయ్యా. పగలు వేసేదీ తాళమే, సాయంత్రం వినేదీ తాళమే" అని కొత్తవాళ్ళ ముందు నవ్విస్తాడు.

ఇద్దరికీ కలిపి ఒక తీరని కోరిక ఉండేది. కళ్ళజోళ్ళాయన దగ్గర ఒక పాత క్యాసెట్టు ఉంది. దాని చివర ఒక పాట. ముందు డోళ్ళు మాత్రమే మోగుతాయి, మూడు రకాల డోళ్ళు, ఒకదాన్నొకటి తరుముతున్నట్టు. తర్వాత పియానో, తర్వాత బాకాలు. పాట మంచి పట్టులో ఉండగా క్యాసెట్టు అయిపోతుంది. ఆ వాయించినవాళ్ళెవరో కనుక్కోవడానికి రెండేళ్ళు ఉత్తరాలు రాశారు. ఏడుగురు కుర్రాళ్ళ బృందమట. ఒకే ఒక్క రికార్డు చేసి ఎవరి దారిన వాళ్ళు పోయారట. ఆకుపచ్చ అట్ట, మహా అయితే అయిదు వందల కాపీలు వేసి ఉంటారట. పదకొండేళ్ళు వెతికారు. పాట ఎలా ముగుస్తుందో ఇద్దరికీ తెలియకుండానే పదకొండేళ్ళు గడిచాయి.

చివరికి అది వెతుక్కుంటూ కళ్ళజోళ్ళాయన షాపుకే వచ్చింది. అద్దాలు మార్పించుకోవడానికి వచ్చిన ఒకావిడ, తన భర్త ఓడలో వైర్‌లెస్ ఆఫీసరుగా ఉండేవాడనీ, ఆయన పోయాక రికార్డుల పెట్టె ఒకటి అడ్డంగా పడి ఉందనీ మాటల్లో చెప్పింది. ఆ పెట్టెలో అడుగున ఆకుపచ్చ అట్ట.

కళ్ళజోళ్ళాయన దాన్ని రెండుసార్లు విన్నాడు. మూడో రోజున తాళాలాయన్ని పిలిచి చేతిలో పెట్టాడు. "నా తనివి తీరిందయ్యా. నాకంటే నువ్వే ఎక్కువ తిరిగావు దీనికోసం. ఊరికే ఇస్తే తీసుకోవని తెలుసు. నీ దగ్గరున్నవాటిలో నాకు నచ్చిన ఆరు ఇవ్వు, చాలు."

ఆరు ఇచ్చాడు. ఆకుపచ్చ రికార్డుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఇంటికి నడిచాడు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుని, గుడ్డతో రికార్డు తుడిచి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సూది దించాడు. ముందు డోళ్ళు రావాలి. రాలేదు. ఎక్కడో పక్కింట్లో ఎవరో పరుపు దులుపుతున్నట్టు చిన్న సవ్వడి. ఆ తర్వాత పియానో దిట్టంగా వచ్చింది, బాకాలు పెళపెళమంటూ వచ్చాయి. పాట చివరిదాకా నడిచింది గానీ దాని కాళ్ళ కింద నేల లేదు.

కంగారుపడ్డాడు. కొత్త సూది వేశాడు. అదే తంతు. ప్లేయరు విప్పి వైర్లన్నీ మళ్ళీ అతికించాడు. అదే తంతు. అలమారలోంచి పాత రికార్డులు రెండు తీసి పెట్టి చూశాడు. డోళ్ళు, బాకాలు అన్నీ కలిసి శుభ్రంగా వినిపించాయి. అంటే ప్లేయరు బాగానే ఉంది. హెడ్‌ఫోన్స్ బాగానే ఉన్నాయి. రికార్డే చెడిపోయింది. సూది నడిచే గాడికి ఒక గోడ అరిగిపోయి ఉండాలి.

వారం ముందు నుంచి ఆయనకి కొంచెం జలుబు. ఆ వారం రికార్డులేవీ పెట్టలేదు. ఎడమ చెవిలో దూది కుక్కినట్టు ఉంది. జలుబన్నాక చెవి మూసుకుపోదా అనుకుని దాన్ని లెక్కచెయ్యలేదు. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాడు. దుకాణంలో ఉన్నంతసేపూ మిషను రొద తప్ప వేరే ఏదీ వినే పనే లేదు.

పది రోజులు ఆ రికార్డుతో కుస్తీపట్టాడు. సబ్బునీళ్ళతో కడిగాడు, భూతద్దంతో గాడి పొడుగునా వెతికాడు. పదకొండో రోజు దాన్ని చంకన పెట్టుకుని కళ్ళజోళ్ళాయన షాపుకి వెళ్ళాడు. లోపల ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు.

"మాస్టారూ, ఇందులో డోళ్ళు లేవు" అన్నాడు తాళాలాయన గుమ్మంలోంచే.

"డోళ్ళు లేకపోవడమేంటయ్యా? మా ఇంట్లో కిటికీలు అదిరాయి."

"అయితే మీరే అరగదీశారన్నమాట. మీ సూది మార్చి ఎన్నేళ్ళయిందో!"

కళ్ళజోళ్ళాయన చేతిలోని అద్దాన్ని డబ్బాలో పెట్టాడు. "రెండుసార్లు విన్నాను. రెండుసార్లకే అరిగిపోతుందా? కూర్చో, ఈయన్ని పంపించాక మాట్లాడుకుందాం."

కూర్చుంటే సరిపోయేది. ఆ పది రోజుల చిరాకంతా ఆయన గొంతులోకి ఎక్కి కూర్చుంది. "మాట్లాడుకోవడానికేముంది? ఆరు మంచివి ఏరుకుని, పనికిరానిది నాకు అంటగట్టారు. అడిగే దిక్కు లేదనుకున్నారు."

కుర్చీలో పెద్దమనిషి మూసుకున్న కన్ను తెరిచి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కళ్ళజోళ్ళాయన వెనక గదిలోకి వెళ్ళి ఆ ఆరూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ రికార్డు వెనక్కి తీసుకున్నాడు.

"ఇవిగో నీవి. ఇక ఈ గుమ్మం తొక్కకు."

ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. ఉమ్మడి రికార్డు తాళాలాయన ఇంట్లోనే ఉండిపోయింది. ఎవరూ ఎవరింటికీ వెళ్ళలేదు.

తర్వాతి ఆదివారం ఆ ఆరింటిలో ఒకటి తీసి పెట్టాడు. అది ఆయనకి కంఠతా వచ్చిన రికార్డు. ఇరవయ్యేళ్ళుగా వింటున్నది. సూది దించాడో లేదో మండిపడ్డాడు. ఇందులోనూ డోళ్ళు లేవు!

"చూశావా! రెండు వారాలు వాళ్ళింట్లో ఉంటే దీన్నీ తగలేశాడు" అని గట్టిగా అరిచాడు.

భార్య బట్టలు మడతపెడుతోంది. "ఎందుకండీ ఆ అరుపు? వారం పది రోజులుగా చూస్తున్నాను, ఇంట్లో కూడా బజార్లో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఏదీ, ఇలా ఇవ్వండి" అని హెడ్‌ఫోన్స్ తీసుకుని తన తలకి పెట్టుకుంది. ఒక్క నిమిషం విన్నది.

"ఇటుపక్క డబడబా మోగుతున్నాయి కదండీ."

"ఎటు పక్క?"

"ఎడమ పక్క."

ఆయన నమ్మలేదు. ఆమె హెడ్‌ఫోన్స్ తీసి, ఎడమది కుడివైపు వచ్చేలా తిప్పి ఆయన తలకి పెట్టింది. డోళ్ళు ఒక్కసారిగా కుడి చెవిలోకి దూకాయి, ఎప్పటిలాగే, నిండుగా. బాకాలు మాత్రం మాయమైపోయాయి.

ఆమె ఆయన ఎడమ చెవి దగ్గర వేళ్ళు చిటికేసింది. మళ్ళీ వేసింది. ఆయన తల తిప్పలేదు.

మర్నాడు ఆమె డ్యూటీకి సెలవు పెట్టి చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కుడివైపు టకటకా నొక్కాడు. ఎడమవైపు చెయ్యి మీట మీదే ఉండిపోయింది. బయట నర్సు అలిసిపోయి గడియారం చూసుకుంది.

"ఇది జలుబు కాదు, మిషను వల్ల వచ్చింది కూడా కాదు. చెవి నరం ఒక్కసారిగా దెబ్బతింది" అంది డాక్టరమ్మ. "ఎందుకు వస్తుందో చాలామందిలో మాకూ తెలియదు. మొదటి వారంలో వస్తే మందులతో కొంత తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. మీకు ఎన్నాళ్ళయింది?"

"నాలుగో వారమండీ."

"ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"ప్లేయరు బాగుచేశారండీ" అంది భార్య.

రెండు వారాలు మాత్రలు మింగాడు. వచ్చింది పెద్దగా ఏమీ లేదు. ఎడమ చెవిలో దూరంగా ఫ్రిజ్ తిరుగుతున్నట్టు ఒక హోరు మాత్రం మిగిలింది.

పనికి అడ్డం రాలేదు. తాళం లోపల పిన్నులు కదిలేది ఆయనకి చెవితో కాదు, వేళ్ళతో తెలుస్తుంది. మిగతావే ఇబ్బంది పెట్టాయి. రోడ్డు దాటేటప్పుడు హారను ఎటు నుంచి వస్తోందో తెలిసేది కాదు. ఎడమ పక్క నుంచి ఎవరైనా పలకరిస్తే పలికేవాడు కాదు. తాళాలాయనకి ఈమధ్య పొగరెక్కిందని ఎవరో అన్నారని ఇంకెవరో చెప్పారు. భార్య నడకలో పక్క మార్చుకుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఎడమవైపు నడిచిన మనిషి కుడివైపుకి వచ్చింది. ఆయన ప్లేయరు మీద తువ్వాలు కప్పేశాడు. రెండు నెలలు దాన్ని తియ్యలేదు.

ఒకరోజు భోజనాల దగ్గర ఆమె అంది: "ఒక్క చెవి అని అంత కుమిలిపోతారేంటండీ? నేను ఇరవయ్యేళ్ళుగా ఒక్క చెవితోనే ఊళ్ళో టాక్సీలన్నీ నడుపుతున్నాను."

"నీకు రెండోది ఉంది కదే."

"ఉంది. దాంతో మా సూపర్‌వైజరు తిట్లు వింటున్నాను. మీకా బాధ తప్పిందనుకోండి."

ఆయనకి నవ్వొచ్చింది. ఆ రెండు నెలల్లో అదే మొదటిసారి.

ఆ వారం ఆమె తన తమ్ముణ్ణి పిలిపించింది. సభలకి మైకుసెట్లు పెట్టడం అతని పని. వస్తూనే బావగారి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చెవిలోకి తొంగి చూశాడు. "జీవితమంతా తాళంచెవులు చేసి ఊరందరికీ పంచిపెట్టావు బావా. నీకంటూ ఒక్క చెవి దాచుకోలేకపోయావు!"

"నోరు మూసుకుని పని చూడరా" అంది అక్క.

అతను పెట్టె విప్పుతూ సంగతి వివరించాడు. స్టీరియో కొత్తగా వచ్చిన రోజుల్లో రికార్డింగు వాళ్ళకి అదొక మోజట. డోళ్ళన్నిటినీ ఒక పక్కకీ, బాకాలన్నిటినీ ఇంకో పక్కకీ తోసేసేవాళ్ళట. అంతకుముందు వచ్చిన మోనో రికార్డుల్లో అన్నీ రెండు పక్కలా ఒకేలా వస్తాయి. బావ పరీక్షకి పెట్టిన ఆ పాతవి రెండూ మోనో. అందుకే మోసపోయాడు.

"రెండు వైర్లనీ కలిపి ఒకటి చేసేస్తున్నాను. ఇదిగో ఈ మీట. పైకి అంటే స్టీరియో, కిందకి అంటే మోనో. కిందకి వేస్తే రెండు పక్కలదీ నీ కుడి చెవికే వస్తుంది."

తువ్వాలు తీశారు. మీట కిందకి వేసి విన్నాడు. డోళ్ళూ ఉన్నాయి, బాకాలూ ఉన్నాయి. అయితే ఇదివరకు కళ్ళు మూసుకుంటే ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలిసేది, డోళ్ళవాళ్ళు కిటికీ వైపు, పియానో తలుపు వైపు. ఇప్పుడు అందరూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నట్టున్నారు. గది పోయింది, మనుషులు మిగిలారు. మనుషులు మిగిలారు కదా అని సర్దుకున్నాడు.

సర్దుకోలేనిది ఇంకొకటి ఉంది. మర్నాడు పొద్దున్నే దుకాణం తియ్యకుండా, ఉమ్మడి రికార్డు సంచీలో పెట్టుకుని కళ్ళజోళ్ళాయన షాపుకి వెళ్ళాడు. గుమ్మం తొక్కవద్దన్నాడు గనక గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపల ఆయన కౌంటరు తుడుస్తున్నాడు. చూశాడు. మళ్ళీ తుడవసాగాడు.

"మాస్టారూ, రికార్డు బాగానే ఉంది. నా చెవి పోయింది" అన్నాడు తాళాలాయన. ఇంకా చాలా చెప్పాలని దారి పొడుగునా కూడబలుక్కున్నాడు గానీ అదొక్కటే బయటికొచ్చింది.

కళ్ళజోళ్ళాయన గుడ్డ పక్కన పెట్టి బయటికొచ్చాడు. "ఏ చెవి?"

"ఎడమది."

"పూర్తిగానా?"

"పూర్తిగానే."

కళ్ళజోళ్ళాయన మెట్టు మీద కూర్చున్నాడు. "ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నానయ్యా. నా దగ్గరికొచ్చే ప్రతివాడూ పేపరు అచ్చు సన్నబడిందనే అంటాడు. తన కళ్ళు మందగించాయని ఒక్కడూ అనడు. రోజూ అది విని నవ్వుకునేవాణ్ణి. నువ్వొచ్చి అదే మాట అంటే మాత్రం నాకు తట్టలేదు చూడు."

"నేనన్నదానికి మీరు చెప్పుతో కొట్టినా..."

"కొట్టాలనే అనిపించింది. మనిషి ముందర దొంగని చేశావు నన్ను. వారం రోజులు అన్నం సయించలేదు." అని లేచి, "లోపలికి రా. నీకో చెడ్డ కబురు చెప్పాలి" అన్నాడు.

చెడ్డ కబురేమిటంటే, ఆకుపచ్చ రికార్డు ఇక లేదు. ఆ అట్ట కంటబడితే తాళాలాయన మొహమే గుర్తొచ్చేదట. చూడలేక, రైలు లైను చివరి ఊళ్ళో ఉన్న ఒకావిడకి పంపించేశాడట. పియానోలు శ్రుతి చెయ్యడం ఆవిడ వృత్తి. చాలా ఏళ్ళుగా ఇద్దరితోనూ ఉత్తరాల పరిచయమే.

తాళాలాయన ఆమెకి ఉత్తరం రాశాడు. తన దగ్గరున్నవాటిలో ఏ పది కావాలన్నా ఇస్తానన్నాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. వారంలో జవాబు వచ్చింది. నాలుగే వాక్యాలు. "ఇవ్వను. నాకూ అది పదేళ్ళ కల. అయితే వినడానికి రండి. మీ కళ్ళజోళ్ళాయన్ని కూడా తీసుకురండి."

ఒక్క పాట కోసం ఆరు గంటల రైలు. భార్య తనూ వస్తానంది. ఒక్క చెవితో కొత్త ఊళ్ళో రోడ్లు దాటడం మీవల్ల కాదు అంది. రైల్లో కళ్ళజోళ్ళాయన మొదటి స్టేషను దాటకముందే నిద్రపోయాడు. ఆయన తల తాళాలాయన ఎడమ భుజం మీద వాలింది. గురక వినిపించక ఈయనకి ఏ ఇబ్బందీ లేకపోయింది. ఎదుటి సీట్లో కూర్చున్న భార్యే చెవులు మూసుకుంది.

పియానోలావిడ పొట్టిగా, చురుగ్గా ఉంది. అరవై దాటి ఉంటాయి. ఆమె గదిలో రెండు పియానోలు విప్పి పడేసి ఉన్నాయి. ఎదుటి గోడకి ఆ చివరా ఈ చివరా బీరువాలంత స్పీకర్లు. మంచినీళ్ళిచ్చి, ఊసుపోక కబుర్లేమీ ఆడకుండా నేరుగా అడిగింది: "మీకు మిగిలింది ఏ చెవి?"

"కుడిదండీ."

"అయితే మీరు కూర్చోవలసింది అక్కడ కాదు." అని ఆయన కుర్చీని ఎడమ స్పీకరు పక్కకి ఈడ్చి, కుడి చెవి స్పీకరు వైపు ఉండేలా తిప్పి కూర్చోబెట్టింది. "ముందు డోళ్ళు వినండి. తర్వాత అటు మారుద్దాం."

సూది దిగింది. మూడు డోళ్ళు ఒకదాన్నొకటి తరుముతూ వచ్చాయి. వేళ్ళు తోలు మీద జారడం కూడా వినిపించింది. పియానో వచ్చింది, దూరంగా బాకాలు వచ్చాయి. క్యాసెట్టు తెగిపోయే చోటికి వచ్చేసరికి, మోకాలి మీద తాళం వేస్తున్న ఆయన చెయ్యి అలవాటుకొద్దీ ఆగిపోయింది. డోళ్ళు ఆగలేదు. ముందుకి పోయాయి. ఇంకా గట్టిగా, ఇంకా అల్లరిగా పోయాయి. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళజోళ్ళాయన అది చూసి, తన కళ్ళజోడు తీసి అవసరం లేకపోయినా అద్దాలు తుడవసాగాడు.

తర్వాత కుడి స్పీకరు పక్కకి మార్చి మళ్ళీ వేసింది. ఈసారి బాకాలు.

రెండోసారి పాట అయిపోయాక, గది మధ్యలో ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్న భార్య నెమ్మదిగా అడిగింది: "ఆ చివర్లో ఎవరో ఏదో అన్నారు కదండీ? ఎడమ పక్క నుంచి. నవ్వాడు కూడా."

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ముగ్గురిలో ఎవరికీ వినబడలేదు. పియానోలావిడ ఆ రికార్డు అప్పటికి ఎన్నోసార్లు విన్నది. ఆమెకీ వినబడలేదు.

"నాకలా అనిపించింది" అంది భార్య కొంచెం సిగ్గుపడుతూ. "రోజంతా ట్రాఫిక్కు గోలలోంచి డ్రైవర్ల మాట ఏరుకోవడమే కదా నా పని."

తాళాలాయన్ని మళ్ళీ ఎడమ స్పీకరు దగ్గరికి మార్చి, చివరి అర నిమిషం వేశారు. నిజమే. ఆఖరి దెబ్బ పడ్డాక, ఆ మోత ఇంకా గాల్లో ఉండగానే, డోళ్ళవాళ్ళలో ఒకడు ఒక చిన్న మాట అని నవ్వాడు. పియానోలావిడకి నాలుగు స్పానిష్ ముక్కలు వచ్చు. "అయిందా?" అంటున్నాడట.

నలుగురూ నవ్వారు. ఆ ముక్క కోసం ఇంకో నాలుగుసార్లు సూది దించింది పియానోలావిడ.

తిరిగొచ్చాక ఆ ఇంట్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. సెలవు రోజున భార్య ఒక గంట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటుంది. మీట పైకి వేసి, రెండు చెవులతోనూ వింటుంది. సంగీతం గురించి ఆమెకి ఇప్పటికీ పెద్దగా పట్టదు. ఆమె పట్టుకునేవి వేరే. ఎవరో దగ్గినది, కుర్చీ కిర్రుమన్నది, పాట మొదలుపెట్టే ముందు ఒకడు ముక్కు ఎగబీల్చినది. చెబుతుంటే ఆయన చీటీ మీద రాసి రికార్డు అట్టలో పెడతాడు. "రెండో పాట, కుడి పక్క, ఎవరో తలుపు తీశారు." "నాలుగో పాట, ఎడమ పక్క, నాణెం కింద పడింది." తర్వాత మీట కిందకి వేసుకుని, ఆ చోటు కోసం కాచుకుని, తనూ వింటాడు. కొన్ని దొరుకుతాయి. కొన్ని దొరకవు. దొరకనివాటి మీద వాదన పెట్టుకోడు, ఆమె విన్నదంటే ఉన్నట్టే.

కళ్ళజోళ్ళాయన ఈ సంగతి విని తన రికార్డులు కూడా సంచుల్లో మోసుకొచ్చి, "అమ్మా, వీటికి కూడా కాస్త చెవి పరీక్ష చేసిపెట్టు" అంటున్నాడు. వరసలో రండి అంటుంది ఆమె.

ఇప్పటికి అరవై మూడు అట్టల్లో చీటీలున్నాయి. అన్నీ తాళాలాయన గొలుసుకట్టు రాతే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని మీద మాత్రం ఆమె స్వయంగా రాసింది: "ఇందులో నాకేమీ వినబడలేదు. పాట బాగుంది. మళ్ళీ వింటాను."